కీళ్లు తెగిన శాసనం

మూగకోటలో ప్రతి గదికీ ఒక పేరుంది. ముత్యపు చిప్పలు పరిచిన నేల గలది హంసశాల. పచ్చల తోరణాలు వేలాడేది శుకమందిరం. గోడలన్నీ గంధపు చెక్కతో అల్లినది మలయవాటిక. కోట అడుగున ఉన్న నల్లరాతి గదికి మాత్రం పేరు లేదు. అందులోకి వెళ్లినవాళ్లెవరూ బయటికొచ్చి పేరు పెట్టలేదు మరి.

ఆ గదిలో ఇప్పుడు శంఖగిరి చిన్న రాకుమారుడు హేమాంగదుడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి గోడకేసి గుడ్లు మిటకరిస్తున్నాడు. ఒంటి మీద గాజుల సెట్టి వేషం ఇంకా ఉంది. జిగురు పెట్టి అంటించుకున్న మీసం ఒక పక్క ఊడిపోయి పెదవి మీద వేలాడుతోంది. అతని భుజం పట్టుకుని అక్క మౌక్తికాదేవి నిలబడి ఉంది. ఆమె కళ్లు కలువరేకుల్లా విచ్చుకునే ఉన్నాయి గాని వాటికి ఏమీ కనిపించదు. ఆమెను ఎత్తుకొచ్చిన రోజునే మాంత్రికుడు ధూమ్రజటుడు ఆ కళ్లకు మంత్రపు కాటుక పెట్టాడు.

అక్కను విడిపించుకుపోవాలని బయలుదేరిన తమ్ముడు అక్క పక్కనే బందీ అయ్యాడు. తప్పు వేషానిది కాదు, వేషం వేసినవాడిది. కత్తి పట్టిన చేతికి గాజు పట్టడం ఏం తెలుస్తుంది? కోట వాకిట్లో ద్వారపాలకుడి భార్య చెయ్యి చాచింది. మన గాజుల సెట్టి ఆమె మణికట్టును శత్రువు మెడ పట్టినట్టు పట్టి, డజను గాజులు పుటుక్కున విరగ్గొట్టాడు. ఆమె కేకకు కోటంతా పరుగెత్తుకొచ్చింది. గాజుల మూట, మలారం, మోసేవాడి వేషంలో వెంట వచ్చిన బంటు గంగులును ఒక పక్కకు, రాకుమారుణ్ణి ఇంకో పక్కకు ఈడ్చుకుపోయారు.

హేమాంగదుణ్ణి ఈ గదిలోకి తోశాక, పైకప్పులోని ఇనుప జాలీ సందుల్లోంచి ధూమ్రజటుడి గొంతు వినిపించింది. "గోడ మీద దారి రాసి ఉంది. చదవగలిగితే బతుకుతారు."

జాలీలోంచి పడుతున్న మధ్యాహ్నపు ఎండలో గోడ నిగనిగలాడుతోంది. దాని నడుమ కంచుతో పోత పోసిన సింహముఖం. జూలు వెంట్రుక వెంట్రుకగా చెక్కి ఉంది. కళ్లకు పగడాలు పొదిగారు. దాని కింద నిలువెత్తు చక్రం. చక్రానికి చుట్టిన గొలుసు పక్కగోడలోని పిడికిలంత కన్నంలోకి దూరిపోయింది. సింహానికి పైన శాసనం. అక్షరాలు ఆణిముత్యాల్లా ఉన్నాయి. కాని వాక్యానికీ వాక్యానికీ నడుమ ఎవరో ఉలితో గోడను గుంటలు గుంటలుగా చెక్కేశారు. 'మొదట' అన్న మాట లేదు. 'పిమ్మట' లేదు. 'కనుక' లేదు, 'అయినను' లేదు. మాటను మాటతో కలిపే కీళ్లన్నీ తెగ్గొట్టి, ఉత్త వాక్యాలను మాత్రం మిగిల్చారు. ఈ కోటలో ఏ శాసనం చూసినా ఇంతే. అందుకే దీనికి మూగకోట అని పేరు.

హేమాంగదుడు వెనకాముందూ చూడలేదు. శాసనంలో ఉన్నది ఉన్నట్టు చేసుకుపోయాడు. కుడికి తిప్పితే నీరు పెరుగునని ఉంది, తిప్పాడు. సింహం నోట్లోంచి ధార మొదలైంది. కుడికి తిప్పితే నీరు తగ్గునని ఆ తరువాత ఉంది, మళ్లీ తిప్పాడు. ధార రెండింతలైంది. ఈసారైనా తగ్గుతుందని ఇంకోసారి తిప్పాడు. నీళ్లు మోకాళ్లు దాటి తొడలకెక్కాయి.

"ఏం చేస్తున్నావురా తమ్ముడూ? చల్లదనం నడుం దాకా వస్తోంది," అంది మౌక్తిక.

"రాసినట్టే చేస్తున్నానక్కా. మొదట పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. ఇంకా ఎన్నిసార్లు తిప్పాలో మాత్రం చెప్పలేదు వెధవలు."

"'మొదట' అని అక్కడ రాసి ఉందా, నువ్వు కలుపుకున్నావా?"

హేమాంగదుడు గోడ వంక చూశాడు. "రాసి లేదు. అక్కడ గుంటుంది."

"మరి ఎముక చెప్పావా?"

రాకుమారుడి చెవులు ఎర్రబడ్డాయి. ఆ ప్రశ్న అతన్ని చిన్నప్పటి నుంచీ తరుముతోంది. శంఖగిరి రాజగురువు సోమపీథి ఒజ్జలవారి పాఠశాలలో ఒక ఆచారం ఉండేది. ఏ శాస్త్రం చేతికిచ్చినా శిష్యుడు దాని అర్థం చెప్పకూడదు. ముందు దాని ఎముక చెప్పాలి, అంటే అది ఏ పద్ధతిలో నిలబడి ఉందో చెప్పాలి. వరి ఎలా నాటాలో చెప్పేది మెట్లు, ఒకదాని తరువాత ఒకటి ఎక్కాలి. ఏనుగునూ గుర్రాన్నీ పక్కపక్కన పెట్టి తూచేది తక్కెడ. చెరువు ఎందుకు తెగిందో చెప్పేది విత్తూ కాయా. జ్వరం చెప్పి, మందు చెప్పేది ముడీ విప్పూ. ఒక నగరాన్ని కళ్లకు కట్టేది పటం. ఎముక తెలియకుండా చదివినవాడు చేప అనుకుని పామును వండుకుంటాడని ఒజ్జలు అనేవారు.

మౌక్తిక తాటాకు చేతిలో పడగానే ఎముక చెప్పేది. హేమాంగదుడు మాత్రం ఏది ఇచ్చినా 'మెట్లు' అనేవాడు. పాపం, అతన్ని ఒక్కణ్ణే అని లాభం లేదు. శంఖగిరి అంటేనే సైన్యం. అక్కడ పుట్టినవాడికి ఊహ తెలిసినప్పటి నుంచి వినబడేవన్నీ ఆజ్ఞలే. మొదట గుర్రమెక్కు, తరువాత కత్తి దూయి, ఆపైన కొట్టు. శంఖగిరివాడికి చందమామ వర్ణన చదివి వినిపిస్తే నిచ్చెన కోసం వెతుకుతాడని ఇరుగుపొరుగు రాజ్యాల్లో ఒక పరాచికం కూడా ఉంది.

"చెప్పలేదు," అన్నాడు హేమాంగదుడు నీళ్లు నములుతూ. నీళ్లకు అక్కడ కొదవ లేదు.

"చేతులు కాలాకైనా ఆకులు పట్టుకుందాం. ఉన్నది ఉన్నట్టు చదువు. నీ సొంత మాట ఒక్కటి కూడా కలపకు."

అతను చదివాడు. "సింహము నీరు కక్కును. సింహము నీరు త్రాగును. చక్రము కుడికి తిరిగిన నీరు పెరుగును. చక్రము కుడికి తిరిగిన నీరు తగ్గును. చక్రము ఎడమకు తిరిగిన నీరు తగ్గును. చక్రము ఎడమకు తిరిగిన నీరు పెరుగును. రెండు చేతులు ఎదురైన నేల విడును."

మౌక్తిక పెదవులు కదిపి ఆ వాక్యాలను తనలో తాను అనుకుంది. "ఇవి మెట్లయితే ఒక మెట్టు ఎక్కించి, మరో మెట్టు దింపుతాయా? ప్రతి మాట పక్కనా దాని ఎదురుమాట ఉంది, విన్నావా? కక్కును, త్రాగును. పెరుగును, తగ్గును. ఒక్క సింహం ఆ రెండు పనులూ చెయ్యదు. ఇది తక్కెడరా! ఒక మాట ఈ పళ్లెంలోది, ఇంకో మాట ఆ పళ్లెంలోది. సింహాలు రెండున్నాయి, చక్రాలు రెండున్నాయి. ఇలాంటి గదే ఇంకోటి ఉండాలి."

"అయితే మనం కుడికి తిప్పితే ఇక్కడ పెరుగుతుంది, అక్కడ తగ్గుతుంది. ఎడమకు తిప్పితే..." హేమాంగదుడి ముఖం వెలిగింది. "ఇక్కడ తగ్గుతుంది!" అంటూ రెండు చేతులతో చక్రాన్ని పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే చక్రం తనంతట తానే గిర్రున కుడికి తిరిగి అతన్ని నీళ్లలో పడేసింది. సింహం బొబ్బ పెట్టినట్టు ధార కక్కింది. గొలుసు దూరిన కన్నంలోంచి ఒక గొంతు వినిపించింది.

"దిగిపోతన్నాయి! నీళ్లు దిగిపోతన్నాయి! మా తల్లి సల్లగా సూసింది! ఇంకో తిప్పు తిప్పుతా!"

"గంగులూ!" అని అరిచాడు హేమాంగదుడు.

"సినదొరా! మీరేనా? ఎక్కడున్నారు దొరా? నన్ను మెడదాకా నీళ్లున్న గదిలో తోసేశారు. నాకు ఈత రాదు గదా, సచ్చాననుకున్నా. ఇందాకటి నుంచి ఎవరో పున్నెం కట్టుకున్నట్టు నీళ్లు దిగిపోతన్నాయి. గోడమీద ఏదో రాసుంది దొరా, కుడికి తిప్పితే తగ్గుద్దంట. మొదట పెరుగుద్దంట గానీ, ఆ మెట్టు దాటేసినట్టున్నా."

శంఖగిరిలో బంట్లకు కూడా చదువు చెబుతారు, ఆజ్ఞాపత్రాలు చదువుకోవడం కోసం. గంగులు కూడా దొర చదివినట్టే చదివాడు. రాజెట్లాగో బంటూ అట్లాగే. కాకపోతే అతనిది తప్పని చెప్పడానికి అతని గదిలో నీళ్లు పెరగలేదు, తగ్గాయి. అందుకని ధైర్యంగా మళ్లీ తిప్పాడు.

నీళ్లు మౌక్తిక గుండెల దాకా వచ్చాయి. హేమాంగదుడు లేచి చక్రాన్ని ఎడమకు లాగడానికి సిద్ధమయ్యాడు. అతని బలం ముందు గంగులు నిలవలేడు. రెండు గుంజులు గుంజితే చాలు, ఇక్కడ నేల కనిపిస్తుంది. అక్కడ ఈత రాని గంగులు గొంతు ఆగిపోతుంది. చిన్నప్పుడు గంగులు తల్లి పాలే ఇద్దరూ తాగారు. హేమాంగదుడి చేతులు చక్రం మీదే ఆగిపోయాయి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు గాని, నూతిలో పడ్డాక కూడా గొయ్యి కనిపించడం ఇదే మొదటిసారి.

"చెయ్యి తియ్యి. గంగులును ముంచి నేను బతకను," అంది మౌక్తిక. నీళ్లు గడ్డాన్ని తాకుతుంటే తల పైకెత్తి మాట్లాడుతోంది. "చివరి వాక్యానికి ఎదురుమాట లేదు, గమనించావా? అది రెండు పళ్లేలకూ చెందిన మాట. రెండు చేతులు ఎదురైన నేల విడును. వాడు కుడికి లాగాలి, నువ్వు ఎడమకు లాగాలి. ఒక్కసారే. ఎవరూ నెగ్గకూడదు, ఎవరూ ఓడకూడదు."

హేమాంగదుడు కన్నానికి నోరు ఆనించి అరిచాడు. "గంగులూ, చక్రం ఆపు! గోడ మీద రాసింది మెట్లు కాదురా, తక్కెడ!"

"తక్కెడా? ఇక్కడ తక్కెడెక్కడిది దొరా? సింహం ఉంది, సక్రం ఉంది, నేనున్నా."

"రెండు గదులూ రెండు పళ్లేలురా! నీ పళ్లెం లేస్తే మా పళ్లెం..."

"దొరా, నా బుర్రకెక్కడం లేదు! మొదట ఏం సెయ్యాలో సెప్పండి, తర్వాత ఏం సెయ్యాలో సెప్పండి. పానం పెట్టి సేస్తా!"

చావు ముక్కు దాకా వచ్చినా మౌక్తికకు నవ్వు ఆగలేదు. "వాడికి తక్కెడ వద్దురా. దాన్నే మెట్లు కట్టి ఇయ్యి."

ఇది మాత్రం శంఖగిరి రాకుమారుడికి వెన్నతో పెట్టిన విద్య. ఊపిరి పీల్చుకుని ఆజ్ఞ ఇచ్చాడు. "మొదట చక్రాన్ని రెండు చేతులా పట్టు! తరువాత నా కేక కోసం ఆగు! కేక వినగానే కుడికి లాగు! చక్రం నిన్ను వెనక్కి లాగుతుంది, అయినా వదలకు! చివరికి నేల విడిపోతుంది, అప్పుడు ఊపిరి బిగబట్టు!"

"ఇట్టా సెబితే ఎందుకు తెలవదు దొరా!" అన్నాడు గంగులు ఆనందంగా.

నీళ్లు మౌక్తిక నోటిని మూసేశాయి. హేమాంగదుడు ఆమె కొంగును తన నడుముకు ముడివేసుకుని, చక్రం పట్టి, కోటంతా దద్దరిల్లేలా కేక పెట్టాడు. లాగాడు. అవతల గంగులు లాగాడు. గొలుసు వీణతంత్రిలా బిగిసి మోగింది. సింహం కళ్లలోని పగడాలు టపటపా ఊడి పడ్డాయి. గోడలో ఎక్కడో పెద్ద గడియ కిర్రుమంది. హేమాంగదుడి అరచేతుల్లో చర్మం చిట్లింది. ఇంకొక్క క్షణం ఆగితే చేతులు వదిలేసేవాడే. అంతలో కాళ్ల కింద నేల రెండు తలుపుల్లా తెరుచుకుంది. నీరూ, మనుషులూ, ఊడిపోయిన మీసమూ అన్నీ కలిసి చీకటి సొరంగంలోకి జారిపోయాయి.

తలకిందులై, రాళ్లకు ఒరుసుకుంటూ, ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని ఎంత దూరం కొట్టుకుపోయారో ముగ్గురికీ తెలియదు. వెలుతురు కనిపించింది. బతికామనుకుని గంగులు నోరు తెరిచేలోపు ఒక పట్టువల ముగ్గురినీ చేపల్లా పైకి లేపింది.

అది ధూమ్రజటుడి యాగశాల. స్ఫటిక స్తంభాలకు నాగుల చుట్లు చెక్కి ఉన్నాయి. కప్పు నుంచి వేలాడుతున్న వెయ్యి కంచు గంటల్లో ఒక్కదానికీ నాలుక లేదు. నడుమ మెట్లు దిగి వెళ్లే అగ్నిగుండం, అందులో నీలిమంట. గుండం ఒడ్డున ధూమ్రజటుడు నిలబడి ఉన్నాడు. అతని జడల్లోంచి సన్నగా పొగ వస్తోంది. ముఖంలో కోపం లేదు సరికదా, పెళ్లికొడుకును చూసిన మామగారిలా సంబరపడిపోతున్నాడు.

"ఎంతమందిని తోశాను ఆ గదుల్లోకి! వేదాలు చదివినవాళ్లు, తర్కాలు చదివినవాళ్లు. అందరూ మెట్లెక్కి మెట్లెక్కి మునిగిపోయారు. ఆ కీళ్లు కొట్టించింది నేనే. మా గురువు దగ్గర నేర్చుకున్న విద్య అది," అంటూ అతను మూడు రాగిరేకులు చూపించాడు. "చావు లేకుండా చేసే కాయసిద్ధి ఇందులో ఉంది. నేను దగా చేస్తానని ముందే పసిగట్టి ముసలాడు చచ్చేముందు ఈ రేకుల మీద కీళ్లన్నీ గీకి చెరిపేశాడు. వాక్యాలున్నాయి, ఎముక లేదు. ఎముక పట్టగలవాడి కోసమే ఇన్నాళ్లూ కాచుకున్నాను. చెప్పు రాకుమారా. నిజం చెబితే నీ అక్కకు చూపు తిరిగి ఇస్తాను."

అతని నడుముకు చిన్న వెండి కాటుకభరిణె వేలాడుతోంది, అందులో మంత్రపు కాటుకను విరిచే ఎదురుకాటుక ఉంది. ఆ ఎదురుకాటుకకు మంత్రం తెలిసినవాడు లోకంలో అతనొక్కడే. అతను పోతే మౌక్తిక కళ్లూ పోయినట్టే.

హేమాంగదుణ్ణీ మౌక్తికనూ వలలోంచి దింపారు. గంగులు మాత్రం వలలోనే వేలాడుతున్నాడు. రేకుల పక్కన వెండి పళ్లెంలో రేగుపండంత చంద్రశిల చల్లగా మెరుస్తోంది. హేమాంగదుడు అక్కకు వినిపించేలా చదివాడు.

"అగ్నిలో అడుగిడును. దేహము పొగయగును. నీడ విడిపోవును. చంద్రశిలను నాలుకపై నిలుపును. నీడ నిలుచును. దేహము వజ్రమగును."

చదువుతుండగానే ఈసారి అతనికి ఎముక దొరికిపోయింది. పొగైపోయినవాడికి నాలుకెక్కడిది, దాని మీద శిల పెట్టుకోడానికి? ఇవి మెట్లు కావు. ముడీ విప్పూ. మొదటి మూడూ ముడి, తెలియక అగ్నిలో దిగినవాడి గతి. తక్కిన మూడూ విప్పు. శిలను ముందే నాలుక మీద పెట్టుకుని దిగాలి. మెట్లని చెబితే ఈ దుర్మార్గుడు పొగైపోతాడు, వాడితో పాటు అక్క చూపూ పోతుంది. నిజం చెబితే అక్కకు కళ్లొస్తాయి, లోకానికి చావులేని మాంత్రికుడు మిగులుతాడు. హేమాంగదుడు అక్క ముఖంలోకి చూశాడు. ఆమె కళ్లు అతని వైపే తిరిగి ఉన్నాయి, అతని పక్కనున్న స్తంభాన్ని చూస్తున్నాయి. లోకం సంగతి లోకమే చూసుకుంటుందనుకుని, నిజం చెప్పేయడానికి నోరు తెరిచాడు.

"మెట్లు," అంది మౌక్తిక.

ధూమ్రజటుడు ఆమె వైపు తిరిగాడు. "పొగైనవాడికి నాలుక ఉంటుందా, రాకుమారీ?"

"మామూలువాడికి ఉండదు. మహాసిద్ధులకు కూడా ఉండదంటే నాకు తెలియదు స్వామీ. మీకు మీ మీద నమ్మకం లేకపోతే మానెయ్యండి."

మాంత్రికుడు గడ్డం నిమురుకుంటూ హేమాంగదుణ్ణి చూశాడు. "నీ మాట?"

హేమాంగదుడి కన్నీళ్లు చెంపల మీద జారుతున్నాయి. అదృష్టం, ముగ్గురూ అప్పటికే తడిసి ముద్దై ఉన్నారు.

"మెట్లే," అన్నాడు.

ధూమ్రజటుడు పకపకా నవ్వి ఒక్క ఉదుటున మౌక్తిక మణికట్టు పట్టుకున్నాడు. "మెట్లయితే భయమెందుకు? నాతోపాటు నువ్వూ వజ్రమైపో! మొదటి అడుగు ఇద్దరం కలిసే వేద్దాం!" అంటూ ఆమెను గుండం వైపు ఈడ్చాడు.

"అమ్మణ్ణీ!" అని వలలోంచి గంగులు గావుకేక పెట్టాడు. నీలిమంట ఆమె పాదాల దగ్గరికి నాలుక చాచింది. మౌక్తిక కాళ్లు తన్నలేదు, చెయ్యి విడిపించుకోలేదు. తమ్ముడున్న వైపు మాత్రం ముఖం తిప్పి, పసిపిల్ల ముద్ద కోసం తెరిచినట్టు నోరు తెరిచింది.

హేమాంగదుడు పళ్లెంలోని చంద్రశిలను పిడికిట పట్టి, అక్క నోటి వైపు చెయ్యి చాచి గుండం మీదికి దూకాడు.